పాత కంప్యూటర్లకు మళ్ళీ ప్రాణం



మన వసతి గృహం వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని వార్డెన్ గారు ఫోన్ చేసి అడిగారు. నేను రచయితను కాను. 1998 నుంచి 2003 వరకు, ఆరో తరగతి నుంచి పది దాకా, ఇదే హాస్టల్లో ఉండి చదువుకున్నాను. రెండో గదిలో కిటికీ పక్కన నా ట్రంకు పెట్టె ఉండేది. ఆ తర్వాత ఐటీఐ చదివి, ఇప్పుడు ఎలక్ట్రానిక్స్ రిపేరు షాపు నడుపుతున్నాను. టీవీలు, ఇన్వర్టర్లు, స్టార్టర్ బోర్డులు బాగుచేయడం నా వృత్తి. పాత కాలపు ఇంటి కంప్యూటర్లు, టీవీ గేములు సేకరించి వాటిని బాగుచేయడం నా సరదా. నాకు బాగా తెలిసింది అదే కాబట్టి దాని గురించే రాస్తున్నాను.

అయితే ఈ సరదా నాకు సరదాగా అబ్బలేదు. ముందు ఆ సంగతి చెప్పాలి.

పొగ వచ్చిన రోజు

2002 ఫిబ్రవరి. నేను తొమ్మిదో తరగతి. బడిలో స్టోరు రూము శుభ్రం చేయడానికి మా హాస్టలు పిల్లలం నలుగురం వెళ్ళాం. విరిగిన బెంచీలు, చిరిగిన మ్యాపుల మధ్య గుడ్డ కప్పిన ఒక పెట్టె కనిపించింది. లేత గోధుమ రంగు. టైపు మిషనుకు ఉన్నట్టు మీటలు. పై వరుసలో మాత్రం ఎర్రటి మీటలు. అది కంప్యూటరని సీనియర్లు చెప్పగా విన్నాం గానీ ఎవరూ వాడగా చూడలేదు.

పనిచేస్తుందేమోనన్న ఆశతో ప్లగ్గు పెట్టి, వెనకనున్న స్విచ్ వేశాను. "బూ" మని బొంగురుగా ఒక శబ్దం, వెంటనే "బీప్" అని సన్నగా ఇంకొకటి. మా ఆనందం అంతా ఇంతా కాదు. దానికి టీవీ లేదు. అయినా ఒక మీట నొక్కితే చిన్న ఎర్ర లైటు వెలుగుతోంది, మళ్ళీ నొక్కితే ఆరిపోతోంది. ఆ లైటునే వంతులవారీగా వెలిగిస్తూ, ఆర్పుతూ కూర్చున్నాం. కొన్ని నిమిషాలకు "టప్" మని పేలింది. చిక్కటి పొగ, ముక్కు బద్దలయ్యే ఘాటు వాసన. ప్లగ్గు పీకేసి బయటికి పరుగెత్తాం.

"హాస్టలు పిల్లాడు ముట్టుకుని కంప్యూటర్ కాల్చేశాడు" అన్న మాట సాయంత్రానికి బడంతా పాకింది. మర్నాడు మా నాన్నను పిలిపించారు. అవి మిరప కోతల రోజులు. ఒక రోజు కూలి పోగొట్టుకుని, పైగా బస్సు చార్జీ పెట్టుకుని వచ్చాడు. ఆఫీసు గది బయట నన్ను ఒకే మాట అడిగాడు.

"ముట్టుకున్నావా?"

"స్విచ్ వేశాను నాన్నా."

ఇంకేమీ అడగలేదు. లోపలికి వెళ్ళి, నా తరఫున చేతులు జోడించి, తప్పయిపోయిందన్నాడు. ఎందుకు కాలింది, ఏ భాగం కాలింది అని ఆ రోజు ఎవరూ అడగలేదు. నేను కూడా అడగలేదు. నా చేతుల్లోనే ఏదో దోషం ఉందనుకున్నాను.

ఇంతకీ ఆ పెట్టె ఏమిటి?

దాని పేరు బీబీసీ మైక్రో. బ్రిటన్‌లోని కేంబ్రిడ్జికి చెందిన ఏకార్న్ అనే కంపెనీ 1981 డిసెంబరులో విడుదల చేసింది. ప్రజలకు కంప్యూటర్ నేర్పడానికి బీబీసీ సంస్థ టీవీ పాఠాలు మొదలుపెట్టింది. ఆ పాఠాలకు తోడుగా తయారైన కంప్యూటర్ ఇది. అందుకే ఆ పేరు. మొత్తం మీద 15 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి.

మన దేశానికి ఎలా వచ్చిందంటే, 1984-85లో కేంద్ర ప్రభుత్వం "క్లాస్" అనే పేరుతో బడి పిల్లలకు కంప్యూటర్ పరిచయం చేసే పథకం ప్రారంభించింది. మొదట సుమారు 250 పాఠశాలలను ఎంచుకున్నారు. తర్వాత మరిన్ని బడులకు విస్తరించారు. ఆ పథకంలో బడులకు ఇచ్చినది ఈ బీబీసీ మైక్రోనే. మా బడికి వచ్చింది కూడా అలాగే.

ఇందులో ఉన్న మెమరీ 32 కిలోబైట్లు, అంటే 32,768 బైట్లు. ఇప్పటి పద్ధతిలో కంప్యూటర్‌లో దాచినప్పుడు తెలుగులో ఒక్కో అక్షరానికి, ఒక్కో గుణింతపు గుర్తుకు సాధారణంగా 3 బైట్లు పడతాయి. ఆ లెక్కన మీరు చదువుతున్న ఈ వ్యాసం మొత్తం ఆ మెమరీలో పట్టదు. అయినా అదే మెమరీతో 1984లో డేవిడ్ బ్రాబెన్, ఇయాన్ బెల్ అనే ఇద్దరు యువకులు "ఎలైట్" అనే ఆట రాశారు. అందులో 8 నక్షత్ర మండలాలు, ఒక్కోదానిలో 256 గ్రహ వ్యవస్థలు ఉన్నాయి. 2,048 పేర్లు, వివరాలు 32 కిలోబైట్లలో ఎలా పట్టాయి? వాళ్ళు వాటిని దాచలేదు. ఒక చిన్న సంఖ్య నుంచి లెక్క కట్టి, కావలసినప్పుడల్లా కొత్తగా పుట్టించారు. ఎక్కం మొత్తం బట్టీ పట్టకుండా కూడిక తెలిస్తే చాలన్నట్టు.

ఇంకొక ముఖ్య విషయం. ఈ కంప్యూటర్ తయారీలో పనిచేసిన సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ అనే ఇంజనీర్లే తర్వాత ఆర్మ్ అనే కొత్త ప్రాసెసర్‌కు రూపకల్పన చేశారు. మొదటి ఆర్మ్ చిప్ 1985 ఏప్రిల్ 26న పనిచేసింది. దాన్ని పరీక్షించింది కూడా ఒక బీబీసీ మైక్రోకు తగిలించే. ఇప్పుడు మీ ఇళ్ళలో ఉన్న స్మార్ట్‌ఫోన్లలో దాదాపు అన్నిటిలోనూ ఉన్నది ఆర్మ్ వంశపు ప్రాసెసరే. స్టోరు రూములో దుమ్ము కొట్టుకుపోయిన ఆ పెట్టె, మన జేబులో ఫోనుకు తాత వరస అవుతుంది.

టీవీ గేము కూడా చుట్టమే

నేను హాస్టల్లో ఉండగా బస్టాండు దగ్గర ఒక వీడియో గేముల కొట్టు ఉండేది. అరగంటకు ఇంత అని డబ్బులిచ్చి మారియో, కాంట్రా ఆడేవాళ్ళు. డబ్బుల్లేనివాళ్ళం గుమ్మం దగ్గర నిలబడి చూసేవాళ్ళం. ఆ పెట్టెలకు మూలం జపాన్‌లో నింటెండో కంపెనీ 1983 జూలై 15న విడుదల చేసిన ఫామికామ్. మన ఊళ్ళలో దొరికినవి చాలావరకు దాని నకళ్ళు.

1975లో 25 డాలర్ల ధరకు వచ్చిన 6502 అనే చిప్ ఆ రోజుల్లో సంచలనం. అప్పటిదాకా అలాంటి చిప్పులు దానికి ఎన్నో రెట్లు ధర పలికేవి. ధర తగ్గడంతో ఇంట్లో కంప్యూటర్ పెట్టుకోవడం సాధ్యమైంది. బీబీసీ మైక్రోలో ఉన్నది ఈ 6502. ఫామికామ్‌లో ఉన్నది దీని ఆధారంగా చేసిన చిప్. అంటే బడిలో ముట్టుకోవద్దన్న పెట్టెలోనూ, కొట్టులో డబ్బులిచ్చి ఆడించిన పెట్టెలోనూ ఒకే కుటుంబం మెదడు ఉన్నట్టే.

అయితే బాగుచేసేవాడికి వీటి మధ్య పెద్ద తేడా ఉంది. బీబీసీ మైక్రో మూత తీస్తే చిప్పులన్నీ విడివిడిగా, పేర్లు, నంబర్లతో కనిపిస్తాయి. ముఖ్యమైనవి సాకెట్లలో ఉంటాయి. పోయినదాన్ని పీకి కొత్తది పెట్టవచ్చు. తర్వాతి కాలపు చవక టీవీ గేముల్లో మొత్తం యంత్రాన్ని ఒకే సిలికాన్ ముక్కలోకి కుదించి, పైన నల్లటి జిగురు చుక్క పోసి మూసేశారు. ఆ చుక్క కింద లోపం వస్తే చేసేదేమీ లేదు. కానీ భయపడకండి. చాలాసార్లు లోపం ఆ చుక్కలో ఉండదు. అడాప్టర్ వైరు తెగడం, పిన్ను సాకెట్ ఊడడం, రిమోటు వైరు మడత దగ్గర విరగడం, క్యాసెట్టు పిన్నులకు మురికి పట్టడం, ఇవే ఎక్కువ. ఇవన్నీ సరిచేయదగినవే.

క్యాసెట్టు అంటే గుర్తొచ్చింది. ఆట రాకపోతే అందరం క్యాసెట్టు తీసి నోటితో ఊదేవాళ్ళం. అది మంచి అలవాటు కాదు. ఊదినప్పుడు నోటి తడి పిన్నులకు అంటి, రోజులు గడిచేకొద్దీ చిలుము పడుతుంది. మరి ఊదాక పనిచేసేది కదా అంటారు. తీసి మళ్ళీ పెట్టడం వల్ల పిన్నులు ఒరుసుకుని కలిసేవి, ఊదడం వల్ల కాదు. ఇయర్ బడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి పిన్నులు తుడిచి, ఆరాక పెట్టాలి. అదీ సరైన పద్ధతి.

అసలు కాలింది ఏది?

2009లో నేను ఒక షాపులో పనికి కుదిరాను. ఒక రోజు అక్కడి పెద్ద మెకానిక్ అన్న పాత ల్యాబ్ మీటరు ఒకటి టేబుల్ మీద పెట్టి స్విచ్ వేశాడు. "టప్" మంది. పొగ వచ్చింది. ఆ వాసన ముక్కుకు తగలగానే నాకు ఒళ్ళు జలదరించింది. ఏడేళ్ళ కిందటి వాసన. నేను వణుకుతుంటే ఆయన నవ్వి, "ఏం కాలేదురా, ఫిల్టర్ కెపాసిటర్ పేలింది. పాత సామానులో ఇది మామూలే" అన్నాడు.

ఆ భాగం ఏమిటో వివరంగా చెబుతాను. పాత యంత్రాల పవర్ సప్లైలో, కరెంటు లోపలికి వచ్చే చోట ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది. యంత్రంలో పుట్టే విద్యుత్ రొద తిరిగి కరెంటు లైన్లోకి పోయి, పక్కింటి రేడియోలో గరగర రాకుండా ఆపడమే దాని పని. ఆ కాలపు కెపాసిటర్లలో కొన్నిటిని కాగితం, లోహపు పొరలు చుట్టి, పైన ప్లాస్టిక్ లాంటి రెజిన్ పోసి చేసేవారు. ఏళ్ళ తరబడి వేడికి, చలికి ఆ తొడుగు సన్నగా బీటలు వారుతుంది. గాలిలోని తేమ ఆ బీటల్లోంచి కాగితంలోకి దిగుతుంది. తడిసిన కాగితం మీద 230 వోల్టులు పడితే వేడెక్కి, ఆవిరి పుట్టి, పగులుతుంది. ఎన్నో ఏళ్ళు వాడకుండా పెట్టి, ఒక్కసారిగా స్విచ్ వేసినప్పుడు ఇది జరగడం ఎక్కువ. అది తయారుచేసినవాళ్ళ తప్పు అనలేం. అంతకాలం వాడతారని వాళ్ళు అనుకోలేదు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఆ కెపాసిటర్ లేకపోయినా కంప్యూటర్ పనిచేస్తుంది. అది పేలినంత మాత్రాన లోపలి చిప్పులకు ఏమీ కాదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ రోజు పొగకు ముందు మేం విన్న "బూ, బీప్" గుర్తుకొచ్చింది. ఆ యంత్రం గురించి చదివితే ఇంకా అర్థమైంది. స్విచ్ వేయగానే దానిలోని సౌండ్ చిప్ తనంతట తానే "బూ" మంటుంది. ప్రాసెసర్ మేలుకుని, తన ప్రోగ్రామ్ మొదలుపెట్టి, ఆ శబ్దాన్ని ఆపి, "బీప్" అనిపిస్తుంది. ప్రాసెసర్ చచ్చిపోయి ఉంటే "బూ" ఆగదు. అంటే మేం స్విచ్ వేసిన రోజున ఆ కంప్యూటర్ బతికే ఉంది. పొగ వచ్చాక కూడా బతికే ఉండి ఉండాలి.

బాగుచేసే క్రమం

2012లో బడిలో పాత సామాను వేలం వేశారని తెలిసి, కొన్న పాత ఇనుప సామాన్ల కొట్టుకు వెళ్ళాను. ఇనప కుర్చీల కింద ఉంది. తూకం వేసి ఇచ్చాడు. దాన్ని బాగుచేసిన క్రమాన్నే మీకు చెబుతాను. ఏ పాత యంత్రానికైనా ఇదే వరస.

1. ముందు స్విచ్ వేయకూడదు. ఇంటికి తెచ్చిన వెంటనే "పనిచేస్తుందో లేదో చూద్దాం" అనిపిస్తుంది. ఆ ఆత్రమే ప్రమాదం. మూత తీసి కళ్ళతో చూడాలి. బీటలు వారినవి, ఉబ్బినవి, కారినవి, నల్లబడినవి ఏవో రాసుకోవాలి. కొన్ని యంత్రాల్లో గడియారం కోసం చిన్న బ్యాటరీ ఉంటుంది. అది కారితే బోర్డు మీద రాగి గీతలు తినేస్తుంది. ముందు దాన్ని తీసేయాలి.

2. పవర్ సప్లై సంగతి తేల్చాలి. బీబీసీ మైక్రోలో పేలిన ఫిల్టర్ కెపాసిటర్లు తీసేసి, అదే విలువ గల కొత్తవి వేశాను. ఈ చోట మామూలు కెపాసిటర్ వేయకూడదు. కరెంటు లైన్‌కు అడ్డంగా వేసేందుకే తయారైన "ఎక్స్2" రకం వేయాలి.

3. బోర్డు మీద వోల్టేజీ కొలవాలి. ఆ కాలపు చిప్పులకు 5 వోల్టులు కావాలి. 4.75 నుంచి 5.25 మధ్య ఉంటే మంచిదే. తక్కువైతే చిప్పులు తికమక పడతాయి, మరీ ఎక్కువైతే కాలిపోతాయి.

4. సాకెట్లలోని చిప్పులను ఒక్కొక్కటిగా మెల్లగా లేపి, కాళ్ళు తుడిచి, మళ్ళీ అదే దిక్కుగా నొక్కాలి. ఏళ్ళ తరబడి కదలకపోతే కాళ్ళకు చిలుము పడుతుంది. చచ్చిపోయాయనుకున్న యంత్రాలు ఎన్నో ఈ ఒక్క పనితో లేచి కూర్చున్నాయి.

5. అప్పటికీ లేవకపోతే గడియారపు తరంగం, రీసెట్, ఆ తర్వాత మెమరీ చూడాలి. బీబీసీ మైక్రోలో మెమరీ 16 చిన్న చిప్పులుగా ఉంటుంది. వాటిలో ఒకటి పోయినా యంత్రం లేవకపోవచ్చు. మిగతావాటికంటే ఒకటి విపరీతంగా వేడెక్కితే దాన్ని అనుమానించాలి.

6. చివరగా మీటలు. పనిచేయని మీటలో కాంటాక్ట్ క్లీనర్ ఒక చుక్క వేసి, ఇరవై ముప్పైసార్లు నొక్కితే చాలావరకు వస్తుంది.

ప్రతి అడుగూ నోటు పుస్తకంలో రాయండి. తేదీ, కనిపించిన లక్షణం, కొలిచిన వోల్టేజీ, మార్చిన భాగం. విప్పే ముందు ఏ వైరు ఎక్కడిదో బొమ్మ గీయండి.

ఒక హెచ్చరిక. హాస్టల్లో గానీ ఇంట్లో గానీ కరెంటు ప్లగ్గు ఉన్న పవర్ సప్లైలు, పాత డబ్బా టీవీలు మీరు విప్పవద్దు. ప్లగ్గు పీకేశాక కూడా పవర్ సప్లైలోని పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. డబ్బా టీవీ పిక్చర్ ట్యూబులో వేల వోల్టులు ఉంటాయి. నేర్చుకున్నవాళ్ళ పక్కన కూర్చుని చూడండి. మీ చేతులతో మొదలుపెట్టడానికి బ్యాటరీతో నడిచే బొమ్మలు, టీవీ గేము రిమోట్లు చాలు. సోల్డరింగ్ చేసేటప్పుడు కిటికీ తెరవండి. సీసం కలుస్తుంది కాబట్టి అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

నా నిజమైన తప్పు ఒకటి

నేను తప్పులే చేయలేదని అనుకోవద్దు. సింక్లెయిర్ కంపెనీ 1982లో తెచ్చిన స్పెక్ట్రం అనే చిన్న కంప్యూటర్ ఉంది. మన దేశంలో డీబీ స్పెక్ట్రం పేరుతో కూడా వచ్చింది. 2016లో నాకు ఒక స్పెక్ట్రం దొరికింది. అడాప్టర్ లేదు. దానికి 9 వోల్టులు కావాలి. నా దగ్గరున్న 9 వోల్టుల అడాప్టర్ పిన్ను సరిగ్గా పట్టింది, పెట్టేశాను. కానీ సాధారణంగా ఇప్పటి అడాప్టర్లలో పిన్ను నడుమ ప్లస్ ఉంటుంది. స్పెక్ట్రంకు నడుమ మైనస్ ఉండాలి. క్షణంలో ఒక ట్రాన్సిస్టరు, దానితోపాటు మెమరీ చిప్పులు కొన్ని పోయాయి. అవి మార్చడానికి నాకు రెండు నెలలు పట్టింది.

ఇది నా తప్పే. నోటు పుస్తకంలో అలాగే రాసుకున్నాను: "పిన్ను పట్టింది కదా అని పెట్టాను. ధ్రువం కొలవలేదు." ఆ తర్వాత ఏ అడాప్టర్‌నూ మీటరుతో కొలవకుండా పెట్టలేదు. చేసిన తప్పు ఏదో కచ్చితంగా తెలిస్తే దాన్ని దిద్దుకోవచ్చు. చేయని తప్పును మోస్తే మాత్రం ఏమీ నేర్చుకోలేం, భయం ఒక్కటే మిగులుతుంది.

మెరుగుపరచడం

పాత యంత్రం లేచాక దాన్ని నేటి కాలానికి కొంత అనువుగా చేసుకోవచ్చు. ఆ రోజుల్లో ప్రోగ్రాములను టేపు రికార్డరు క్యాసెట్లలో, ఫ్లాపీల్లో దాచేవారు. ఇప్పుడవి బూజు పట్టి పాడైపోతున్నాయి. వాటి బదులు బీబీసీ మైక్రోకు చిన్న మెమరీ కార్డు తగిలించే బోర్డులు దొరుకుతున్నాయి. ఒక్క కార్డులో వందల ఫ్లాపీలు పడతాయి. స్పెక్ట్రంలో టీవీ ఏరియల్ సాకెట్‌కు వెళ్ళే సిగ్నల్ బదులు నేరుగా వీడియో సిగ్నల్ తీసుకుంటే బొమ్మ స్పష్టంగా వస్తుంది.

నాకు బాగా నచ్చినది ఇంకొకటుంది. బీబీసీ మైక్రో అడుగున రెండో ప్రాసెసర్ తగిలించడానికి ఒక సాకెట్ ఉంది. దానికి ఇప్పుడు రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటర్‌ను కలపవచ్చు. ఆ రాస్ప్‌బెర్రీ పై కూడా కేంబ్రిడ్జిలోనే పుట్టింది. 2012లో మార్కెట్‌లోకి వచ్చింది. దానిలో ఉన్నది ఆర్మ్ ప్రాసెసరే. ముసలి తాతకు మనవడు చేతికర్ర అయినట్టు ఉంటుంది.

మెరుగుపరిచేటప్పుడు ఒక నియమం పాటించండి. మళ్ళీ పాత రూపానికి తేగలిగేలా మాత్రమే మార్చండి. డబ్బాకు కన్నాలు పెట్టవద్దు. తీసిన భాగాన్ని కవర్లో వేసి, పేరు రాసి, దాచండి.

సేకరించాలనుకుంటే

మన ప్రాంతాల్లో ఇవి పాత సామాన్ల కొట్లలో, మూతపడిన కంప్యూటర్ సెంటర్లలో, బంధువుల అటకల మీద దొరుకుతాయి. "పనిచేస్తుంది" అన్న మాట నమ్మి ఎక్కువ ధర పెట్టవద్దు. పనిచేయదనుకునే కొనండి. యంత్రంతోపాటు వైర్లు, క్యాసెట్లు, పుస్తకాలు అడిగి తీసుకోండి. తేమ లేని చోట పెట్టండి. ఏడాదికి రెండు మూడుసార్లయినా బయటికి తీసి చూడండి. పాడైన బోర్డులను, వైర్లను రాగి కోసం కాల్చవద్దు. ఆ పొగ విషం. బంగారం వస్తుందని చిప్పులను యాసిడ్లో వేసేవాళ్ళ మాటలు వినవద్దు.

దీనివల్ల ఉద్యోగం వస్తుందా?

ఈ ప్రశ్న మీరు అడుగుతారని తెలుసు. నిజం చెబుతాను. పాత కంప్యూటర్లు బాగుచేయడం వల్ల నాకు ఒక్క రూపాయి మిగల్లేదు. కానీ నా షాపుకు వచ్చే ఇన్వర్టర్‌నైనా, ఎల్ఈడీ టీవీనైనా, రైతు తెచ్చే మోటారు స్టార్టర్ బోర్డునైనా నేను చూసే వరస ఇదే. ముందు కళ్ళతో చూడు, తర్వాత పవర్ చూడు, కొలువు, రాసుకో, ఒక్కొక్క భాగాన్ని అనుమానించి తేల్చు. ఇప్పటి ఫోన్లలో వందల కోట్ల ట్రాన్సిస్టర్లు ఉన్నాయి. ఏది ఏం చేస్తుందో ఒక్క మనిషి మొత్తం చూడలేడు. 6502లో ఉన్నవి సుమారు 3,500. ఓపిక ఉంటే ఆ యంత్రం మొత్తాన్ని ఒక్క విద్యార్థి అర్థం చేసుకోగలడు. నేర్చుకోవడానికి దీనికంటే మంచి పలక లేదు.

మళ్ళీ బీప్

2012 దసరా సెలవుల్లో నాన్న షాపుకు వచ్చాడు. అప్పటికి కెపాసిటర్లు మార్చి, చిప్పులు తుడిచి, టీవీ తగిలించి ఉంచాను. స్విచ్ ఆయన చేతనే వేయించాను. ముందు వేయనన్నాడు, "నాకెందుకురా, ఏమైనా అవుద్దేమో" అని. పట్టుబడితే వేశాడు. "బూ, బీప్." తెర మీద తెల్లటి అక్షరాలతో బీబీసీ కంప్యూటర్ 32కే అని పేరు పడింది. లోపల ఒక్క చిప్పు కూడా మార్చలేదు. పేలిన కెపాసిటర్‌ను ఆయన అరచేతిలో పెట్టి, జరిగింది మొత్తం చెప్పాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అయితే నువ్వు కాల్చలేదన్నమాట" అన్నాడు.

"లేదు నాన్నా."

దాన్ని జేబులో వేసుకున్నాడు. ఇప్పటికీ ఆయన దగ్గరే ఉంది.

తమ్ముళ్ళూ, ఏదైనా పాడైనప్పుడు "ఎవరు ముట్టుకున్నారు?" అని అడగడం తేలిక. "ఏ భాగం పోయింది, ఎందుకు పోయింది?" అని అడగడానికి కొంచెం చదువు కావాలి, కొంచెం ఓపిక కావాలి. ఆ రెండో ప్రశ్న అడగడం నేర్చుకోండి. మీ మీద మాట పడినప్పుడు కూడా అదే అడగండి.

ఈ వార్షికోత్సవం రోజున ఆ కంప్యూటర్‌ను మన హాస్టలుకు తెస్తున్నాను. భోజనాల గది పక్కన బల్ల మీద పెడతాను. వచ్చి మీటలు నొక్కండి. ఎర్ర లైటు వెలిగించండి, ఆర్పండి. భయపడకుండా ముట్టుకోండి.

మీ అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలతో,

ఒక పూర్వ విద్యార్థి
(1998-2003)